నల్లగొండ ఫంక్షన్ హాల్లో కొసాక్ గాయక బృందం: సౌండు, వేదిక ఏర్పాట్లు

రష్యా గాయక బృంద దర్శకుడు సెర్జ్ జారోఫ్ 1921లో టర్కీ శరణార్థి శిబిరంలో కూర్చిన డాన్ కొసాక్ (రష్యాలో డాన్ నది ఒడ్డు యోధుల తెగ) బృందం ప్రపంచానికి అలవాటు చేసిన పద్ధతి ఇది: వాయిద్యం లేదు, అంతా మగగొంతులే. మన ఒగ్గుకథలో డోలు మోగుతుంది కాబట్టి హాలు ఎట్లున్నా నడుస్తుంది. ఇక్కడ హాలే వాయిద్యం.

టైల్స్ ఉన్న హాల్లో ముందు చప్పట్లు కొట్టి చూడండి. మోత 2 సెకన్లు దాటితే మాటలు కలిసిపోతాయి. టెంట్‌హౌస్ నుంచి మందపాటి పరదాలు తెచ్చి జనం వెనుక గోడకు కట్టండి. వేదిక వెనుక మాత్రం కట్టొద్దు, గొంతు ముందుకు రాదు.

24 మందికి 3 మెట్ల వరుసలు చాలు. మనిషికి 2 అడుగులు, అంటే వరుస 16 అడుగులు; మెట్టుకు 8 అంగుళాల ఎత్తు. మెట్లు కిర్రుమంటే కింద గోనెపట్టా వేయండి.

డీజే సౌండు వద్దే వద్దు. చిన్న హాలుకు మైకే అక్కర్లేదు. తప్పదంటే 2 కండెన్సర్ మైకులు (దూరం నుంచీ గొంతు పట్టేవి), మొదటి వరుసకు 8 అడుగుల దూరంలో, తల కంటే ఎత్తున పెట్టండి. మనిషికో మైకు ఇస్తే గొంతులు విడివిడిగా వినబడి పొందిక చెడుతుంది.

అతి మంద్రంగా పాడేవారు 55 హెర్ట్జ్ (సెకనుకు 55 కంపనాలు) దాకా దిగుతారు. కరెంటు హమ్ (కరెంటు వల్ల స్పీకర్లలో వచ్చే గుయ్యిమనే మోత) 50 హెర్ట్జ్. బేస్ పెంచితే రెండూ కలిసి గుయ్యిమంటాయి. అందుకే పాట సాగేటప్పుడు కూలర్లు, ఫ్యాన్లు బంద్; జనరేటర్ ప్రహరీ బయటే. ఈ ఒక్కదానికే పెళ్లి హాళ్లవాళ్లు గునుస్తారు, ముందే మాట్లాడుకోండి. కార్యక్రమం డిసెంబర్, జనవరిల్లో పెడితే ఉక్కపోత గొడవా ఉండదు.

తాగడానికి గోరువెచ్చని నీళ్లు. కారం కూరలు పాట అయ్యాకే.