ఎపిసోడ్ అయిపోయాక – మూడో పాఠం: విప్పిన బూట్లు

పోయిన పాఠంలో మీకు నచ్చిన ఒక టీవీ ఎపిసోడ్ తీసుకుని, అది ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ ఆ వాక్యం తరువాతి రాత్రిని మన సొంత కథగా రాయబోతున్నాం.

నేను ఎంచుకున్నది 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్‌లో 1992 జూన్ 1న వచ్చిన 'ది ఇన్నర్ లైట్'. చూడనివాళ్ల కోసం కథ చెబుతాను. ఎంటర్‌ప్రైజ్ ఓడకు అంతరిక్షంలో ఒక పాతకాలపు యంత్రం ఎదురవుతుంది. దాని కిరణం తగిలి కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పుతాడు. కళ్లు తెరిచేసరికి కటాన్ అనే గ్రహంలో, రెస్సిక్ అనే ఊళ్లో ఉంటాడు. అక్కడ అందరూ అతన్ని కామిన్ అంటారు. ఇనుము అల్లే పనివాడు, ఎలీన్ భర్త. ఐదేళ్లు గడిచినా నక్షత్రాల్లో తన ఓడ దారి వెతుకుతూనే ఉంటాడు. చివరికి ఆ ఇంటివాడే అవుతాడు. కూతురు, కొడుకు పుడతారు. వేణువు నేర్చుకుంటాడు. ఎలీన్ అతని కళ్లెదుటే కన్నుమూస్తుంది. మనవడిని ఆడించే వయసు వచ్చాక తెలుస్తుంది, ఆ గ్రహం వెయ్యేళ్ల కిందటే బూడిదైందని, తమను ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలని ఆ జనమే ఈ యంత్రాన్ని పంపారని. లేచి చూస్తే ఓడలో గడిచింది సుమారు 25 నిమిషాలు. యంత్రంలో దొరికిన చిన్న పెట్టెను, ఓడలో అతని తర్వాతి అధికారి రైకర్ తెచ్చిస్తాడు. అందులో ఆ వేణువే ఉంది. పికార్డ్ ఒంటరిగా నిలబడి వాయిస్తాడు.

అక్కడితో ఆపేశారు. ఆ వేణువు కథ మళ్లీ గట్టిగా ముందుకొచ్చింది 1993 ఏప్రిల్‌లో, 'లెసన్స్' అనే ఎపిసోడ్‌లో. నడుమనున్న రాత్రులన్నీ మనకు వదిలేశారు. అభిమానులు ఇలాంటి ఖాళీల్లో రాయడం కొత్తేమీ కాదు. స్టార్ ట్రెక్ అభిమానులు 1967లోనే 'స్పాకనేలియా' అనే సొంత పత్రిక అచ్చువేసుకున్నారు. ఆ మాటకొస్తే ఇదే సీరియల్ 1990లో 'ఫ్యామిలీ' అనే ఎపిసోడ్‌లో తానే ఈ పని చేసింది. బోర్గ్ అనే సగం మనిషి, సగం యంత్రం శత్రుజాతి చెర నుంచి బయటపడ్డ పికార్డ్ ఫ్రాన్స్‌లో అన్నగారి ద్రాక్షతోటకు వెళ్తాడు. అన్నదమ్ములిద్దరూ బురదలో పడి కొట్టుకుంటారు, ఆ బురదలోనే అతను బావురుమంటాడు. గమనించండి, ఏడుపు కంటే ముందు బురద వచ్చింది.

ఇక పాఠంలోకి వద్దాం. నేను మొదటిసారి ఈ కథ రాసినప్పుడు పికార్డ్‌ను నాలుగు పేజీలు ఏడిపించాను. వాడిపోయిన పువ్వొకటి కూడా చేతికిచ్చాను. చదివినవాళ్లు బాగుందన్నారు గానీ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పువ్వు ఎపిసోడ్‌లో లేదు. చదివేవాళ్లకు దానితో ఏ చుట్టరికమూ లేదు. మళ్లీ ఎపిసోడ్ చూశాను, ఈసారి కన్నీళ్లు తుడుచుకుంటూ కాదు, కాగితం, కలం పట్టుకుని. అప్పుడు దొరికాయి బూట్లు. బూట్లు తీసి సర్దిపెట్టమని ఎలీన్ భర్తను పోరుతూ ఉండేది. చనిపోయేటప్పుడు కూడా అదే గుర్తుచేసింది. అతను మాటిచ్చాడు.

అంతే, నాలుగు పేజీలూ చింపేసి ఇది రాశాను:

"పికార్డ్ మంచం అంచున కూర్చుని బూట్లు విప్పాడు. గది మధ్యలోనే వదిలేసి పడుకున్నాడు. దీపం ఆరింది. కాసేపటికి లేచాడు. చీకట్లోనే వంగి, రెండు బూట్లూ తడుముకుని, గోడవారగా జతచేసి పెట్టాడు. మళ్లీ పడుకున్నప్పుడు మంచానికి ఒక పక్కకే సర్దుకున్నాడు."

ఎలీన్ పేరు ఎక్కడా లేదు. 'గుండె బరువెక్కింది' అని ఒక వాక్యం ఉండేది, కొట్టేశాను. ఎపిసోడ్ చూసినవాళ్లు బూట్ల దగ్గరే ఆగుతారు, ఆమె గొంతు వాళ్ల చెవిలో ఉంది కాబట్టి. మామూలు కథ రాసేవాడు ఆ గొంతును ముందు కట్టుకోవాలి, మనకు అది కట్టి ఇచ్చారు. ఒక పక్కకు సర్దుకోవడం మాత్రం నేను కలిపింది. బూట్లు నమ్మించాయి కాబట్టే అది నిలబడింది. మూలంలోని వస్తువు ముందు రావాలి, మన ఊహ దాని వెనక నడవాలి.

ఇంకొక్కటి. ఇద్దరి గడియారాలు ఒకటి కావు. ఓడలోని వైద్యురాలు డాక్టర్ క్రషర్‌కు అది ఇంకా అదే రోజు, మధ్యాహ్నం పని మిగిలే ఉంది. పికార్డ్‌కేమో ఒక జీవితం అయిపోయింది. ఆమె మామూలుగా "నిద్ర పట్టిందా?" అంటుంది. ఆ అడిగే మనిషి పేరు అతనికి నాలుక మీదికి రావడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణం రాయండి, వివరించకండి.

ఈ విద్య మన ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాట వినే ఉంటారు. పట్టాభిషేకంతో అందరి కథా సుఖాంతమైంది, పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ మాటేమిటి? లక్ష్మణుడు గదిలోకి వస్తే ఆమె నిద్రమత్తులో గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని, మా తండ్రికి తెలిస్తే ఊరుకోడని హెచ్చరిస్తుంది. పద్నాలుగేళ్ల ఎడబాటంతా ఆ గుర్తుపట్టకపోవడంలో ఉంది. అక్కడ కూడా ఒకే ఇంట్లో రెండు గడియారాలు.

ఈ వారం పని. మీ ఎపిసోడ్ మళ్లీ చూడండి. కథకు అక్కరలేనట్టు కనిపించే వస్తువుల్లో, ఇద్దరి మధ్య కనీసం రెండుసార్లు వచ్చినదాన్ని పట్టుకోండి. తాళంచెవి, కప్పు, మడతపెట్టని దుప్పటి, ఏదైనా సరే. దానితో మీ పాత్ర చేసే ఒకే ఒక్క పనిని నూరు మాటల్లో రాయండి. బాధ, కన్నీళ్లు, గుండె, జ్ఞాపకం, శూన్యం అనే మాటలు వాడొద్దు. రాసింది ఎపిసోడ్ చూసినవాళ్లకు ఒకరికి, చూడనివాళ్లకు ఒకరికి చదివి వినిపించండి. చూడనివాళ్లకు కనీసం ఒక మనిషి ఏం చేస్తున్నాడో కళ్లకు కట్టాలి. చూసినవాళ్లు ఎక్కడ మౌనం అయ్యారో అక్కడ గీత పెట్టుకోండి.

నాలుగో పాఠంలో ఆ గది తలుపు ఎవరో తడతారు. ఎవరు తట్టాలో ఇప్పటి నుంచే ఆలోచించి పెట్టుకోండి.