పెరటి తోట పాఠాలు – 3: ఏం వేద్దాం?

మిద్దె మీదో పెరట్లోనో ఎండ ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో రాసి పెట్టుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈరోజు దానితో పనుంది.

విత్తనాల కొట్టుకి ఇంకా వెళ్లొద్దు. ముందు వంటింట్లో ఒక వారం గడపండి. రోజూ ఏ కూర వండారో గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలోనే రాయండి. వారం తర్వాత చూస్తే రెండు మూడు పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీ తోట అక్కడి నుంచి మొదలవ్వాలి. కాకరకాయ ఎవరూ ముట్టని ఇంట్లో కాకర పందిరి ఎంత బాగా అల్లుకుంటే ఏం లాభం?

తర్వాత లెక్క. చాలామంది పొరబడేది ఇక్కడే. మొదటి ఏడాది నేను మూడే బెండ మొక్కలు వేశాను. ఏపుగా పెరిగాయి, కానీ రెండు రోజులకోసారి కోస్తే మూడో నాలుగో కాయలు. కూరకి సరిపడా పోగయ్యేసరికి మొదట కోసినవి ఫ్రిజ్‌లో వాడిపోయాయి. పోనీ అని మొక్కకే ఉంచితే ముదిరి పీచు పట్టాయి. కొస విరిస్తే టప్పున తెగాల్సిన కాయ వంగి ఊరుకుంది. పావుకిలోకి దాదాపు 20 లేత కాయలు పడతాయి. అంటే నలుగురున్న ఇంటికి కనీసం 10 మొక్కలు ఉండాలి. అంత చోటు లేకపోతే బెండ మానేసి బజార్లో కొనుక్కోండి, నామోషీ ఏమీ లేదు. మిరపకి ఈ బాధ లేదు. పోపులోకి, పచ్చడిలోకి రెండు మూడు మొక్కలు చాలు. వంగ నాలుగు మొక్కలు వేసుకుని, కాపు తగ్గాక కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ చిగురించి కాస్తుంది.

ఇప్పుడు ఎండ కాగితం తీయండి. టమాటా, వంగ, బెండ, బీర లాంటి కాయ కాసేవాటికి 6 గంటల ఎండ కావాలి. మూడు నాలుగు గంటలే పడే చోట ఆకుకూరలు వేయండి.

కాలం కూడా చూసుకోవాలి. మండు వేసవిలో కొత్తిమీర చల్లితే సరిగా మొలవదు, మొలిచినా తొందరగా పూతకొచ్చేస్తుంది. నాటు చిక్కుడు తొలకరికి పెడితే చలికాలంలో కాస్తుంది. పగటిపొద్దు తగ్గితేగానీ దానికి పూత రాదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ చలికాలానివి.

కొత్తవాళ్లు మొదటి ఏడాది సగం చోటు ఆకుకూరలకే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. తోటకూర నెల తిరిగేలోపే కోతకొస్తుంది, మెంతికూర ఇంకా ముందే. చేతికి త్వరగా అందితే తోట మీద మనసు నిలుస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు. కూరకి తెచ్చిన కట్టలో ముదురు కాడ ఒకటి తీసి, ఆకులు దూసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి. పదిరోజుల్లో చిగురు కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి పని: క్యాలెండర్ చూసి ఐదు పేర్లు రాయండి. పక్కన ఎన్ని మొక్కలో, ఏ మూలలో, ఏ నెలలో వేస్తారో రాయండి. ఎండకో కాలానికో కుదరని పేరు కొట్టేయండి. మిగిలినవాటికి ఏ సైజు కుండీ, ఎంత మట్టి కావాలో నాలుగో పాఠంలో చూద్దాం.