కొత్త ఊళ్లో చేప ఎక్కడ కొనాలి, ఎక్కడ తినాలి

చిన్న సముద్రతీర పట్టణంలో దిగగానే నేను మంచి హోటల్ ఏదని అడగను. పడవలు ఎన్నింటికి ఒడ్డుకొస్తాయని అడుగుతాను. లోతు తక్కువున్న రేవుల్లో పడవలు పోటు చూసుకునే లోపలికి వస్తాయి. పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. రోజూ అడగాల్సిందే.

మొదటిరోజు ఏమీ కొనకండి. ఒడ్డున ఓ పక్కన నిలబడి చూడండి. వేలం అయ్యాక మంచి సరుకు చాలావరకు బయటి ఊళ్లకు వెళ్లే వ్యాన్లెక్కుతుంది. మిగిలిన బుట్టల్లో ఒకటో రెండో ఊళ్లోకి నడుస్తాయి. ఆ బుట్ట ఏ హోటల్ వెనక గుమ్మం దగ్గర దిగిందో గుర్తుపెట్టుకోండి. నేను మధ్యాహ్న భోజనానికి అక్కడికే వెళతాను. సముద్రం కనిపించే బల్ల దొరకకపోవచ్చు, అయినా నాకు చేపే ముఖ్యం.

కొనేటప్పుడు మొదట మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగితే వదిలేయండి. కళ్లు ఉబ్బి, నిగనిగలాడాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. వాసన ఉప్పుగాలిలా ఉండాలి, ముక్కు పక్కకి తిప్పుకునేలా ఉండకూడదు. పీతనైతే చేతిలోకి తీసుకోండి. సైజుకి తగ్గ బరువు లేకపోతే లోపల కండ తక్కువ, నీళ్లు ఎక్కువ. ఆల్చిప్ప నోరు తెరిచి ఉంటే గోరుతో తట్టండి. మూసుకుంటే ప్రాణంతో ఉన్నట్టు. మూసుకోనిదాన్ని, ఉడికాక కూడా తెరుచుకోనిదాన్ని పారేయండి.

ట్యూనా, కానాగంతల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఐసు లేని బల్ల మీద నుంచి ట్యూనా ముక్కలు కొన్నాను. బాగా వేయించాను కదా అని ధైర్యం. తిన్న అరగంటకి మా ఆయన మొహం కందిపోయింది, తలనొప్పి, గుండెదడ. ఎలర్జీ అనుకుని చాలా టెన్షన్ పడ్డాం. డాక్టర్ చెప్పాక అర్థమైంది. ఇలాంటి చేపలు వేడిలో ఉండిపోతే బాక్టీరియా వల్ల వాటిలో హిస్టమిన్ అనే, ఎలర్జీ లాంటి బాధలు తెచ్చే పదార్థం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా, వేయించినా అది పోదు. నోట్లో పెట్టుకోగానే మిరియంలా చురుక్కుమంటే ఆ ముక్క మింగకండి. అప్పటి నుంచి చేప కంటే ముందు బల్ల మీద ఐసు ఉందా అని చూస్తున్నాను.

హోటల్లో మెనూ చదివే ముందు "ఇవాళ ఏం వచ్చింది?" అని అడగండి. ఒకటో రెండో పేర్లు చెప్పి, మిగతావి లేవన్నారంటే నాకు నమ్మకం కుదురుతుంది. అడిగిన ప్రతి చేపా ఉందంటే అందులో చాలావరకు ఫ్రీజర్‌దే. ఫ్రీజర్ చేప తప్పేం కాదు. పట్టిన వెంటనే గడ్డకట్టించింది, నాలుగు రోజులు ఐసులో నానినదానికంటే బాగుంటుంది. కాకపోతే తాజాది అని చెప్పి అమ్మకూడదు. ధర ప్లేటుకా, తూకానికా, ఆ తూకం శుభ్రం చేయకముందా, చేశాకా అన్నది వండక ముందే తేల్చుకోండి. తల, పొట్ట తీసేస్తే బరువు బాగా తగ్గుతుంది.

గాలివాన వల్ల పడవలు వెళ్లని రోజున గుడ్లు, కూరగాయలతో సరిపెట్టుకోవడం మేలు. వాటికి, సరుకులకి బీచ్ రోడ్డు వదిలేసి, ఊరివాళ్లు రోజూ కొనుక్కునే లోపలి వీధులకి వెళ్లండి. సీజన్ కాని నెలల్లో షాపులు తొందరగా మూసేస్తారు కాబట్టి సాయంత్రం దాకా ఆగొద్దు.

ఇంటికి చేప తీసుకెళ్లాలనుకుంటే తిరుగు ప్రయాణం రోజు పొద్దునే కొనండి. పొట్ట, మొప్పలు అక్కడే తీయించి, చేప ఎంత బరువో అంత ఐసు వేయించుకోండి. ఐసు పొడిగా కొట్టించి ఒక వరస ఐసు, ఒక వరస చేప పేర్చాలి. కరిగిన నీళ్లు చేపకి తగలకుండా డబ్బా అడుగున జల్లెడ లాంటిది పెట్టండి.