ఉన్ని స్కార్ఫ్ అంటే జుట్టే, జుట్టులాగే చూసుకోండి

మగ్గం మీద నేసిన ఉన్ని స్కార్ఫ్‌ని నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. కాఫీ మరక పడిందని కంగారుపడి, వేడి నీళ్లలో బట్టల పౌడర్ వేసి, జీన్స్ ప్యాంటు రుద్దినట్టు రుద్దేశాను. మరక పోయింది, దాంతోపాటు స్కార్ఫూ పోయింది. ఆరాక చూస్తే సగానికి కుంచించుకుపోయి, అట్టముక్కలా బిరుసుగా తయారైంది.

ఎందుకిలా అయిందంటే, ఉన్ని అనేది గొర్రె జుట్టు. మన జుట్టులో ఉండే కెరటిన్ ప్రొటీనే అందులోనూ ఉంటుంది, ఒక్కో వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి, పూర్తిగా బిగుసుకుంటే ఇక విడిపోవు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, ఏ పని చేయొచ్చో ఏది చేయకూడదో మీకే తడుతుంది.

మీ దగ్గరున్నది అసలు ఉన్నేనా అని అనుమానం ఉంటే కుచ్చుల్లోంచి ఒక్క పోగు తీసి, సింక్ దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట దానంతటదే ఆరిపోతుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడైపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఇక నేత విషయానికొస్తే, అంచుల్లో చిన్న చిన్న తేడాలు, అక్కడక్కడా కాస్త లావుగా కనిపించే పేక (అడ్డం) పోగు, ఇవన్నీ చేతినేతలో మామూలే. లోపమనుకుని కత్తెర తీయకండి.

కొత్తది మెడకు గుచ్చుకుంటుంటే అది అలర్జీయే అయ్యుండాలని లేదు. వెంట్రుక సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే లావుగా ఉంటే దాని కొన చర్మాన్ని పొడుస్తుంది. మెరినో లాంటి సన్న ఉన్నితో ఈ బాధ తక్కువ. ముతకదే మీకు నచ్చితే కాలర్ చొక్కా మీద వేసుకోండి, లేదా లోపల పల్చటి కాటన్ గుడ్డ చుట్టుకోండి.

వేసుకోవడానికి పెద్ద విద్యలేం అక్కర్లేదు. పొడవు 180 సెంటీమీటర్లు, ఆ చుట్టుపక్కల ఉంటే మధ్యకి మడిచి, మెడ వెనక నుంచి తెచ్చి, రెండు కొనలనీ మడత దగ్గరి ఉచ్చులోంచి లాగేయండి. గాలి దూరదు, జారిపోదు, బైక్ మీద వెళ్లేటప్పుడు కొనల్ని జాకెట్ లోపలికి దోపేసుకుంటే చక్రంలో పడతాయన్న టెన్షన్ కూడా ఉండదు. చలి తక్కువగా ఉంటే ఊరికే భుజాల మీద రెండు వైపులా వదిలేసి పైన కోటు వేసుకోండి, అదే బాగుంటుంది. వెడల్పు ఎక్కువున్న స్కార్ఫ్‌ని కొందరు ఇస్త్రీ చేసినట్టు చక్కగా మడిచి వేసుకుంటారు గానీ, చేతిలో కాస్త నలిపి వేసుకుంటేనే దాని అందం, పైగా మడతల మధ్య గాలి నిలిచి వెచ్చగానూ ఉంటుంది. గట్టి ముడులు మాత్రం వద్దు, అక్కడ పోగులు సాగిపోతాయి. సేఫ్టీ పిన్ కూడా వద్దు. సెంటు కొట్టుకునే అలవాటుంటే ముందు కొట్టుకుని, ఆరాక స్కార్ఫ్ వేసుకోండి.

బ్యాగ్ పట్టీ రాసుకునే చోట చిన్న చిన్న ఉండలు కడతాయి. నాసిరకం కాబట్టే అని తిట్టుకోకండి, మంచి ఉన్నికీ కడతాయి. బల్ల మీద పరిచి, ఉన్ని దువ్వెనతో ఒకే దిశలో మెల్లగా దువ్వితే పోతాయి, చేత్తో పీకితే పక్క పోగు కూడా వచ్చేస్తుంది. పోగు ఎక్కడైనా లేచి ఉచ్చులా వేలాడుతుంటే కత్తిరించకుండా మొండి సూదితో మళ్లీ నేతలోకి సర్దండి.

ఉతకడం గురించి నా గట్టి అభిప్రాయం, ఎంత తక్కువైతే అంత మంచిది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమని తడిసినట్టు తెలియకుండానే పీల్చుకుంటుంది, గాలి తగిలితే వదిలేస్తుంది. అందుకే ఒక రోజు వేసుకున్నాక మర్నాడు నీడలో ఆరేస్తే వాసన చాలావరకు పోతుంది. మరక పడితే వెంటనే తడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు.

ఉతకక తప్పదనుకుంటే ముందు రంగు చూసుకోండి. తడిపిన తెల్లగుడ్డని ఓ మూల కాసేపు అదిమి పెట్టండి, రంగు అంటితే డ్రై క్లీనింగ్‌కి ఇవ్వడమే మంచిది. అంటకపోతే బకెట్లో 30 డిగ్రీలు దాటని నీళ్లు, అందులో ఉన్ని బట్టల లిక్విడ్ కొద్దిగా, అది లేకపోతే మైల్డ్ షాంపూ. మామూలు బట్టల పౌడర్ ఎందుకు వద్దంటే, మరకలు పోవడానికి వాటిలో చాలావాటికి ప్రొటీన్‌ని తినే ఎంజైములు కలుపుతారు, ఉన్ని కూడా ప్రొటీనే కదా. బ్లీచ్ అయితే ఏకంగా కరిగించేస్తుంది. పది నిమిషాలు నాననిచ్చి మెల్లగా అదమండి, అంతే వేడి ఉన్న నీళ్లలోనే జాడించండి. తడి స్కార్ఫ్‌ని ఒక కొన పట్టుకుని ఎత్తితే సాగుతుంది, రెండు చేతులతో కింద నుంచి పట్టుకుని తీయండి. పిండకుండా పొడి తువ్వాలులో చుట్టి, పైన అదిమి, ఇంకో తువ్వాలు మీద నీడలో పరిచి ఆరేయండి. తీగ మీద వేలాడదీయొద్దు, హీటర్ దగ్గరికి అసలే వద్దు. కుచ్చులు తడిగా ఉన్నప్పుడే వేళ్లతో విడదీసుకోండి. ఇస్త్రీ కావాలంటే పైన తడిగుడ్డ వేసి, ఉన్ని సెట్టింగ్ మీద, పెట్టెని లాగకుండా ఆనించి ఎత్తండి.

చలికాలం అయ్యాక దాచేముందు తప్పకుండా శుభ్రం చేయాలి. ఉన్నిని కొరికేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. చెమట, ఆహారం మరకలున్న చోటే దానికి ఎక్కువ ఇష్టం. పూర్తిగా ఆరాక మడిచి, సందు లేకుండా మూత పడే డబ్బాలో పెట్టి, రెండు నెలలకోసారి తీసి దులిపి, మడత మార్చి పెట్టండి. పురుగు పట్టిందని అనుమానమొస్తే కవర్లో బిగించి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్లో రెండు వారాలు పెడితే చస్తాయి.

ఇప్పటికే కాస్త కుంచించుకుపోయిందా? గోరువెచ్చని నీళ్లలో జుట్టు కండిషనర్ కలిపి, అరగంట నానబెట్టి, తడిగా ఉన్నప్పుడే నెమ్మదిగా లాగుతూ పరిచి చూడండి, కొంత వెనక్కి రావొచ్చు. నాది ఆ దశ దాటిపోయింది. నాలుగు ముక్కలు చేసి వేడి గిన్నెల కింద వేస్తున్నాను, ఆ పనికి మాత్రం దానికి సాటి లేదు.