పొగాకు లేని పొగాకు అత్తరు: ఇంట్లో కలిపే పద్ధతి

బాగా మాగిన వర్జీనియా ఆకు బేలు విప్పితే వచ్చే వాసనలో పొగ ఉండదు. ఎండుగడ్డి ఉంటుంది, తేనె ఉంటుంది, అంజీరు లాంటి ఎండుపండు ఉంటుంది, అడుగున కాస్త మట్టి, కాస్త చెక్క ఉంటాయి. పొగాకు అత్తరు కలపబోయి చెడగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ ఆకును వదిలేసి పొగ వెంట పడతారు. చివరికి సీసాలో మిగిలేది కాలిన టైరు వాసన. ముందు ఆకు కట్టాలి. పొగ కావాలంటే ఆఖర్న, అదీ పిసరంత.

ఇది ఒంటికి, బట్టకు రాసుకునే అత్తరు. ఈ-సిగరెట్లో పోసే ద్రవం కానే కాదు. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, రవాణా, నిల్వ, ప్రకటన 2019 నుంచి నిషేధం. తయారుచేస్తూనో అమ్ముతూనో మొదటిసారి పట్టుబడినా ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి అటుంచినా, ఇక్కడ వాడే నూనెలు, బంకలు వేడిచేసి పీల్చడానికి పుట్టినవి కావు. ఊపిరితిత్తుల్లోకి నూనె పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. అసలు పొగాకునే నూనెలో నానబెడితే పోలా అనిపిస్తుంది. వద్దు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తడి ఆకు కోసే కూలీలకు వాంతులు, తల తిరుగుడు వచ్చేది అందుకే. పైగా నానబెట్టిన ఆకు ఇచ్చేది ఘాటు, చేదు వాసనే. తీపి దిగదు.

సరుకుల్లో మొదటిది కూమరిన్. తెల్లటి పలుకులు, ఎండుగడ్డి వాసన. టోంకా అనే సువాసన గింజకు ఆ వాసన ఇచ్చేది ఇదే. 1868లో విలియం పెర్కిన్ దీన్ని ప్రయోగశాలలో తయారుచేసిన దగ్గర్నుంచి గింజ మీద ఆధారపడే పని తప్పింది. ఆ తర్వాత వెనిలిన్ పొడి. బేకరీ సామాను దొరికే చోట ఉంటుంది, పొడే కొనండి. వెనిలా ఎసెన్సులో నీళ్లుంటాయి, అది ఈ పనికి పనికిరాదు. సాంబ్రాణి రెసినాయిడ్‌ను, అంటే ద్రావకంతో తీసిన సాంబ్రాణి బంక సారాన్ని, 50 శాతం ద్రావణంగానే కొనుక్కోవాలి. పూజ సామాన్ల దుకాణంలో దొరికే సాంబ్రాణి గడ్డను దంచి నూనెలో వేస్తే కరగదు, అడుగున ఇసుకలా కూర్చుంటుంది.

వట్టివేరు నూనె, తుంగముస్తల నూనె, పచౌలి ఆకు నూనె, దేవదారు నూనె అత్తరు దుకాణాల్లో దొరుకుతాయి. చార్మినార్, పత్తర్‌గట్టి వైపు వెళితే తుంగముస్తలను నాగర్‌మోతా అని, వట్టివేరును ఖస్ అని అడగండి. ఈ రెండే మన అత్తరుకు వెన్నెముక. తుంగముస్తల్లో తోలు, మట్టి, లేత పొగ మూడూ కలిసి ఉంటాయి, అందుకే విడిగా పొగ వాసన వేయాల్సిన అవసరం చాలాసార్లు రాదు. దవనం నూనె కొంచెం చాలు. పూలమాలలో ఎంత చల్లగా ఉంటుందో, నూనెలో అంత చిక్కగా, ఎండుపండులా ఉంటుంది. లవంగనూనె ఇంకా తక్కువ చాలు. చివరిది బీటా డమాస్కోన్, ఉడికిన రేగుపండును, మాగిన ఆకును గుర్తుచేసే రసాయనం.

దుకాణంలో నూనె కొనేముందు ఒక చుక్క తెల్లకాగితం మీద వేయించుకోండి. గంటలో వాసన చచ్చిపోయి జిడ్డు మరక మాత్రం అలాగే నిలిచిందంటే, అందులో ఎక్కువ భాగం పారఫిన్ లాంటి కలిపిన నూనే. అసలైన వట్టివేరు మర్నాటికీ పలుకుతుంది. తోలా అంటే తూకంలో 11.66 గ్రాములు, కానీ దుకాణాల్లో తోలా సీసా అంటే 12 మిల్లీలీటర్లు. వట్టివేరు, నాగర్‌మోతా పావుతోలా చొప్పున, అంటే 3 మిల్లీలీటర్ల సీసాలు తీసుకుంటే మొదటి పదిసార్లకు సరిపోతాయి.

వీటన్నిటినీ కలిపే ఆధారం డైప్రొపిలీన్ గ్లైకాల్ అనే వాసన లేని ద్రవం, డీపీజీ అంటారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. డీపీజీలో పారఫిన్ గానీ కొబ్బరినూనె గానీ కలవవు. కల్తీ ఖస్ వేసినా చాలు, సీసా మసకబారి రెండు పొరలుగా విడిపోతుంది. ఎంత ఊపినా మళ్లీ విడిపోతుందంటే తప్పు మీ చేతిది కాదు, ఆ నూనెది.

తూకం గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి. చుక్కలు లెక్కపెట్టి కలిపే పద్ధతి మానేయండి. వట్టివేరు పాకంలా సాగుతుంది, దాని చుక్క లావు. లవంగనూనె పలచన, దాని చుక్క సన్నం. ఒకే డ్రాపర్‌తో వేసినా బరువులు కలవవు. 0.01 గ్రాము చూపించే నగల తూకం కావాలి. ఫ్యాను ఆపండి, లేకపోతే ఆఖరి అంకె నిలవదు. ఆ తూకం మీద 0.02 గ్రాము వేయడమంటే గుడ్డిగా వేసినట్టే, ఒక్క అంకె అటో ఇటో అయితే సగం తేడా. అందుకే ఘాటైనవన్నీ ముందే పలచన చేసుకోవాలి. 1.00 గ్రాము సరుకుకు 9.00 గ్రాముల డీపీజీ, అది 10 శాతం. దాంట్లోంచి 1.00 గ్రాము తీసి మళ్లీ 9.00 గ్రాముల డీపీజీ కలిపితే 1 శాతం. కూమరిన్, వెనిలిన్, దవనం, లవంగం 10 శాతంలో, డమాస్కోన్ 1 శాతంలో ఉంచండి. ప్రతి సీసా మీద పేరు, శాతం, తేదీ అప్పటికప్పుడే రాయండి. సాయంత్రం రాద్దామనుకున్న సీసా ఏదో మర్నాడు గుర్తుండదు.

కూమరిన్ కరగకపోతే గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి సీసాను అందులో నిలబెట్టి తిప్పండి. స్టవ్ మంట మీద మాత్రం వద్దు. డిసెంబరు రాత్రుల్లో కరిగిన పలుకులు మళ్లీ తేలితే ఇదే మందు. పలుకులు తేలిన సీసాలోంచి పైపైన తీసి వాడితే మాత్రం లెక్క తప్పుతుంది. కలిపేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఈ సరుకు దేన్నీ నాలుక మీద పెట్టి చూడకండి.

ఇక 10 గ్రాముల అత్తరుకు లెక్క. కూమరిన్ ద్రావణం 1.00, సాంబ్రాణి ద్రావణం 0.60, వెనిలిన్ ద్రావణం 0.40, దేవదారు 0.30, దవనం ద్రావణం 0.30, వట్టివేరు 0.20, నాగర్‌మోతా 0.20, పచౌలి 0.15, లవంగం ద్రావణం 0.10, డమాస్కోన్ ద్రావణం 0.10. మొత్తం 3.35 గ్రాములు. మిగతా 6.65 గ్రాములు డీపీజీ. గాజు సీసాను తూకం మీద పెట్టి సున్నా చేసి, చిక్కటివి ముందు, పలచటివి తర్వాత, ఒక్కొక్కటి వేశాక మళ్లీ సున్నా చేస్తూ పోండి. వట్టివేరు వేసేటప్పుడు తొందరపడకండి. డ్రాపర్ మొనన చుక్క ఉబ్బుతూ ఆగి, సాగి, ఒక్కసారిగా జారుతుంది. 0.17 దగ్గర చెయ్యి ఆపి, మొనను సీసా లోపలి అంచుకు తాకిస్తే మిగిలిన పిసరు మెల్లగా దిగుతుంది. ఎక్కువ పడితే తీయబోకండి. 0.24 పడితే 0.24 అనే పుస్తకంలో రాయండి. రాసిన తప్పును తర్వాత సరిచేసుకోవచ్చు.

అత్తరు దాచడానికి ప్లాస్టిక్ సీసాలు, రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్ మూతలు వద్దు. నూనె ఆవిరికి రబ్బరు మెత్తబడి దాని వాసన అత్తరులోకి దిగుతుంది. డ్రాపర్ మూత బిగించి నెలల తరబడి దాచిన అత్తర్లు చెడిపోయేది ఎక్కువగా ఇందుకే. బేగంబజారులో దొరికే చిన్న గాజు సీసాలు, మామూలు మరమూత ఉన్నవి చాలు.

కలిపిన రోజు వాసన చూసి నిరాశపడకండి. ఆ రోజు లవంగం ఒకటి, దేవదారు ఒకటి విడివిడిగా పొడుస్తాయి. వారానికి అంచులు అరుగుతాయి, రెండు మూడు వారాలకు ఒక్క వాసనగా కుదురుతాయి. సీసాను బట్టల బీరువాలో చీకట్లో పెట్టండి. మన మే నెల ఎండలో కిటికీ పక్కన పెడితే అది మాగడం కాదు, పాడవడం.

పరీక్షకు డ్రాయింగ్ చార్టును 15 సెంటీమీటర్ల పొడవు, వేలి కన్నా సన్నం ముక్కలుగా కత్తిరించండి. కొన ముంచి, పేరు రాసి, అయిదు నిమిషాలకు, గంటకు, ఆరు గంటలకు, మర్నాడు పొద్దున చూడండి. వంటింట్లో పోపు పడే వేళ వద్దు. ఒక పూటకు నాలుగైదు ముక్కలు మించితే ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు మీ చొక్కా చేతి మడతనే వాసన చూసి పది నిమిషాలు ఆగండి. మొదటి గంటలో తేనె, ఎండుపండు రావాలి. మర్నాడు గడ్డి, చెక్క, సన్నగా సాంబ్రాణి నిలవాలి.

పంటినొప్పి మందులా ఉంటే లవంగం ఎక్కువైంది. జామ్ సీసాలా ఉంటే డమాస్కోన్. కొత్త పెన్సిల్ చెక్కినట్టుంటే దేవదారు, మళ్లీ కలిపేటప్పుడు దాన్ని 0.20కి తగ్గించండి. బిస్కెట్టు వాసన కొడితే వెనిలిన్ సగం చేయండి. పాత ట్రంకుపెట్టె వాసన వస్తే పచౌలి. ఏదైనా ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు. పది గ్రాములను మూడు సీసాల్లోకి మూడేసి గ్రాములు వంచి, ఒకటి అలాగే ఉంచి, మిగతా రెండింట్లో ఒక్కో సరుకు పిసరంత పెంచి చూస్తే సరుకు వృథా కాదు. పొగ కావాలనుకున్నవాళ్లు ఈ దశలో చోయా లోబాన్ (బంకను మాడ్చి తీసే పొగ వాసన నూనె) 1 శాతం ద్రావణం 0.03 గ్రాము ఒక సీసాలో వేసి మరో వారం ఆగండి.

ఒంటికి రాసేముందు మోచేతి మడతలో ఒక చుక్క వేసి 24 గంటలు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ సీసా ఒంటికి పనికిరాదు. ఎక్కువగా తంటా తెచ్చేవి లవంగం, కూమరిన్. పసిపిల్లలున్న ఇంట్లో సీసాలు తాళం వేసిన అరలో ఉండాలి. తెల్ల లాల్చీ వేసుకునేవాళ్లు పాతగుడ్డ ముక్క మీద కూడా ఒక చుక్క వేసి నాలుగు రోజులు ఉంచండి. వెనిలిన్, సాంబ్రాణి గోధుమరంగు మరక పెడతాయి, ఉతికినా పోదు. అలాంటప్పుడు బట్ట మీద కాక, అత్తరు అద్దిన దూది ఉండ (ఫాయా) చేసి చెవి మడతలో పెట్టుకోవడమే మేలు.