యాసిడ్ పడిన కడప బండలు

తిరుపతి కరకంబాడి రోడ్డులో ఒక ఇంటి తోటకు నడకదారి వేశాం. షోరూంలో నల్లగా నిగనిగలాడే కడప బండలు ఓనరమ్మకు బాగా నచ్చాయి. పని అయ్యాక సిమెంటు మరకలు పోవాలని మేస్త్రీ యాసిడ్ పోశాడు. బుస్సుమని నురగ పొంగింది. ఆరాక చూస్తే బండలన్నీ మచ్చలు మచ్చలుగా తెల్లబడ్డాయి, చెయ్యి పెడితే గరుకు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కడప బండ సున్నపురాయి. యాసిడ్ దాన్ని తినేస్తుంది. గ్రానైట్ అలా పొంగదు. షోరూం వాళ్లు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది, నేనూ అడగాల్సింది.

పాత మెరుపు తేవాలని చూడలేదు. తోటలో నున్నటి బండ తడిస్తే కాలు జారుతుంది, పెద్దవాళ్లున్న ఇంటికి అది మంచిది కాదు. బాగా పాడైన నాలుగు బండలు మార్చాం. మిగతావి మిషన్‌తో ఒకే తీరుగా రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రంగు పెంచే సీలర్ పూశాం. ముందు మూలన ఒక్క బండకే పూసి చూశాను; తడిసిన రాయిలా నలుపు తేలింది. ఓనరమ్మ వచ్చి చెప్పులు విప్పి నడిచి చూసుకున్నారు.

ఇప్పుడు షోరూంకు వెళ్తే ముక్క అడిగి, తడిపి చూసి, నిమ్మరసం చుక్క వేస్తాను. బుడగలొస్తే మేస్త్రీకి అప్పుడే చెప్పేస్తాను, యాసిడ్ వద్దని.