కొత్త అధ్యాపకులకు తొలి పరిశోధన గ్రాంట్: దరఖాస్తు విధానం

యూనివర్సిటీలోనో ఐఐటీలోనో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, సొంతంగా పరిశోధన మొదలుపెట్టాలనుకునేవారి కోసం ఉన్న కేంద్ర పథకం ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్. ఇచ్చేది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్‌ఆర్‌ఎఫ్. 2023లో వచ్చిన చట్టంతో పాత సెర్బ్, అంటే సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు, ఇందులో కలిసిపోయింది. సీనియర్లు చెప్పే ‘సెర్బ్ స్టార్టప్ గ్రాంట్’ బదులు ఇప్పుడు చూడాల్సింది దీన్నే. మూడేళ్లకు 60 లక్షల రూపాయల దాకా ఇస్తారు, సంస్థ నిర్వహణ ఖర్చులకు చెందే ఓవర్‌హెడ్ దానికి అదనం.

పీహెచ్‌డీ, రెగ్యులర్ ఉద్యోగం తప్పనిసరి. గెస్ట్ ఫ్యాకల్టీకి అవకాశం లేదు. వయసు 42 ఏళ్లు దాటకూడదు. ఎవరికెంత సడలింపు, ఉద్యోగంలో చేరి ఎంతకాలం అయి ఉండొచ్చు అన్నవి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

దరఖాస్తు ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. అది ఏడాది పొడవునా తెరిచి ఉండదు కాబట్టి ముందే రిజిస్టరై ప్రొఫైల్ నింపి పెట్టుకోండి. సంస్థాధిపతి సంతకంతో ఎండార్స్‌మెంట్ లేఖ కావాలి. మన యూనివర్సిటీల్లో ఆ ఫైలు హెచ్‌ఓడీ నుంచి రిజిస్ట్రార్ దాకా కదలడానికే రోజులు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చిన రోజే ఆ లేఖ కోసం ఫైలు పెట్టండి. పరికరాల కొటేషన్లు కూడా అప్పుడే అడగండి.

అసలు కష్టమంతా ప్రపోజల్‌లో ఉంది. పీహెచ్‌డీలో చేసినదాన్నే కాస్త పొడిగించి పంపితే, సమీక్షకుడికి అది మీ గైడ్ పనిగానే కనిపిస్తుంది. మీరు అడుగుతున్న ప్రశ్న ఏమిటి, అది పాత ల్యాబ్ దారి నుంచి ఎక్కడ విడిపోతుంది అన్నది మొదటి పేజీలోనే తేటగా రాయండి. మీ దగ్గర ఇప్పటికే ఉన్న ప్రాథమిక ఫలితం చిన్నదైనా సరే, తప్పక చూపించండి. మూడేళ్లలో తేలని లక్ష్యాలు అరడజను పెట్టేకంటే తేలేవి రెండు మూడు నయం. అనుకున్న ప్రయోగం కుదరకపోతే ఏం చేస్తారో కూడా చెప్పండి, దాన్నిబట్టే మీ ఆలోచన లోతు తెలుస్తుంది.

బడ్జెట్‌లో ముందు ప్రాజెక్టులో పనిచేసే మనిషిని లెక్కేయండి. జేఆర్‌ఎఫ్‌కు, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు, మొదటి రెండేళ్లు నెలకు 37,000, మూడో ఏడు 42,000. హెచ్‌ఆర్‌ఏ కాకుండానే దాదాపు 14 లక్షలవుతుంది. ఉన్నదంతా ఒక్క పరికరానికే పోస్తే దాన్ని నడిపేవారుండరు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పరికరాన్నే మళ్లీ అడిగితే మాత్రం కోత ఖాయం.

మంజూరైన డబ్బు మీ చేతికి కాదు, సంస్థకు వస్తుంది. ఏటా వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ, ఖర్చుల పట్టిక పంపితేనే తర్వాతి విడత విడుదలవుతుంది. అందుకే ఫైనాన్స్ సెక్షన్‌లో మీ ప్రాజెక్టు ఫైలు చూసేదెవరో శాంక్షన్ ఆర్డర్ అందిన వారంలోనే కనుక్కోండి.